అత్త అరచేతిలో పాత పేస్‌మేకర్

మా మేనత్తది పులివెందుల దగ్గర ఒక పల్లె. మామ పోయాక చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఆమే చూసుకునేది. ఒకరోజు కాయలు కోయిస్తూ నిలబడ్డచోటే కూలిపోయింది. ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకుపోతే గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని, ఎడమ భుజం కింద చర్మం లోపల పేస్‌మేకర్ పెట్టారు. నెల తిరక్కుండా మళ్లీ తోటలో ఉంది.

ఏళ్లు గడిచాయి. బ్యాటరీ అయిపోవచ్చింది, పేస్‌మేకర్‌నే మార్చాలన్నారు. నేను జమ్మలమడుగులో హైస్కూలు పిల్లలకు సైన్సు చెబుతాను. సెలవు పెట్టి అత్త వెంట అదే ఆసుపత్రికి వెళ్లాను.

ఆపరేషన్‌కు ముందు డాక్టరు ఒక పరీక్ష చేశాడు. అరచేయంత పరికరాన్ని ఆమె భుజం కింద ఆనించి, కంప్యూటరులో ఏదో నొక్కాడు.

"అవ్వా, కొంచెం వేగం పెంచుతాండా. భయపడొద్దు."

సూది లేదు, కోత లేదు. తెర మీద గీతలు దగ్గరదగ్గరగా పడసాగాయి. అత్త కళ్లు పెద్దవయ్యాయి.

"యమ్మా! కూసున్నచోటే పరిగెత్తినట్టుండాదే!"

ఆమె మణికట్టు పట్టుకున్నాను. నాడి నిజంగానే తొందరపడుతోంది. విద్యుత్తు గురించి, తరంగాల గురించి ఇన్నేళ్లుగా బోర్డు మీద రాస్తున్నదాన్ని. అయినా ఆ మణికట్టు వదలబుద్ధి కాలేదు.

వేగం తగ్గించగానే అత్త అడిగింది. "నాయనా, అయిపోయినప్పుడల్లా బ్యాటరీ మారుస్తా పోతే నేనింక సావనా?"

నేను నవ్వబోయాను. డాక్టరు నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఇది కొట్టుకోమని చెప్తాది, అంతే అవ్వా. ఇనాల్సింది గుండె. ఆ కండ ముసలిదైపోతే ఇదేం జేయలేదు."

"ఆ కండను గూడా మారిస్తే?"

"ఇంకో మనిషి గుండె పెట్టేది ఇప్పుడే ఉండాది. ముందుముందు ల్యాబులోనే తయారు చేస్తారేమో. ముసలితనాన్నే ఆపాలని గూడా చూస్తాండారు. అయితాదో కాదో నాకు తెలీదు. కాదని మాత్రం చెప్పలేను."

"మరి నేను పోయినాక ఇదేమయితాది?"

డాక్టరు ఒకసారి నా వైపు చూశాడు. "బ్యాటరీ ఉన్నన్నాళ్లు పని చేస్తానే ఉంటాది అవ్వా. దానికి తెలీదు గదా."

అత్త భుజం కింది ఉబ్బును వేళ్లతో తడుముకుంది.

కొత్తది పెట్టాక పాతదాన్ని చూడాలని పట్టుబట్టింది. నర్సు శుభ్రం చేసి తెచ్చింది. అంచులు గుండ్రంగా, అగ్గిపెట్టె అంత ఉంది. అత్త దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నేను నిద్రపోయినా నువ్వు నిద్రపోలేదు గదా," అంది దానితో.

నా చేతికిచ్చింది. కోట్లసార్లు ఆమె గుండెను లేపిన వస్తువు. బరువే లేదు.

తిరిగి వెళ్తుంటే బస్సులో నేనే అడిగాను. "అత్తా, సావు లేకుండా చేసే మందొస్తే వేసుకుంటావా?"

ఇక చాలంటుందనుకున్నాను. ఆ వయసు వాళ్ల నోట ఎప్పుడూ వినే మాట అదే.

"చీనీ చెట్లు ఎండిపోతాంటే ట్యాంకర్లతో నీళ్లు పోసినదాన్ని," అంది. "వెయ్యడుగులు బోరేసినా తడి తగల్లా. ఈడికి కృష్ణ నీళ్లొస్తాయని ఎవరన్నా అంటే మీ మామ నగుతాండె. నీళ్లొచ్చిన దినం నేను కాలవలోకి దిగి మోకాళ్ల దాకా నిలబడినా, అమ్మీ. అందుకే, కాదని నేననను. వేసుకుంటా. ఇంకా ఏమేమొస్తాయో సూడాల గదా!"

ముద్దనూరు దాటేదాకా ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నాను. సైన్సు చెప్పేదాన్ని నేనే అయినా, రేపటి మీద అంత ఆశ ఆమెకే ఉంది.

మొన్న ఫోన్ చేస్తే తీయలేదు. సాయంత్రం తనే చేసింది. ముసలి చెట్లు పీకించి కొత్త చీనీ మొక్కలు నాటిస్తోందట.

"కాపుకొచ్చేకి ఐదేండ్లు పడతాది," అంది. "అప్పుడొచ్చి ఒక బుట్ట తీస్కపో."