నీటిగుర్రం మింగిన బంతి

మా మావయ్యగారు ఇరవయ్యేడేళ్లు జూలో నీటిగుర్రాల కీపరుగా చేశారు. తెల్లారకముందే మడుగు నీళ్లు తీసేసి అడుగంతా కడగడం, గడ్డి మోపులు మోయడం, పేడ చూసి వాటికి ఒంట్లో ఎలా ఉందో చెప్పడం ఆయన పని. జూ డాక్టరు కూడా ముందు ఆయన్నే అడిగేవాడట. ఇంట్లో మాత్రం ఆయన్ని మేమెవరమూ ఏమీ అడగం. అడిగినా చెప్పే మనిషి కాదు.

అలాంటాయన, సముద్రం ఒడ్డు ఊరికి సెలవులకి వెళ్లినప్పుడు, మొదటిసారి నోరు విప్పి ఒకటి కావాలన్నారు. అదే నేను కాదన్నాను.

ఆఖరి రోజు ఎక్కడికెళ్లాలని హోటల్ గదిలో పొద్దున్నే పెద్ద పంచాయితీ. మంచం మీద నాలుగు కాగితాలు పరిచాను. సీతాకోకచిలుకల తోట, తాబేళ్ల పార్కు, పూలతోట, నీటిగుర్రానికి మన చేత్తో మేత వేసే చోటు. మా ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండా “ఏదో ఒకటి తేల్చు” అన్నారు. అయిదేళ్ల మా చిన్నోడు ఎవరూ లాక్కోకుండా నీటిగుర్రం కాగితం మీద ఎక్కి కూర్చున్నాడు.

మావయ్యగారు పూలతోట కాగితం చేతిలోకి తీసుకున్నారు.

“ఇక్కడికి పోదాం అమ్మాయ్. జంతువులొద్దు.”

“అదేంటి మావయ్యా, మీకిష్టం కదా. మనవడికి అన్నీ మీరే చెప్పొచ్చు.”

“ఇష్టం కాబట్టే వద్దంటున్నా. కంచెకి ఇవతల నిలబడి చూడ్డం నావల్ల కాదు.”

పెద్దాయన చాదస్తం అనుకున్నాను. చిన్నోడి ఏడుపుకి జడిసి నీటిగుర్రం దగ్గరికేనని నేనే తేల్చేశాను. ఇప్పుడు చెంపలేసుకుని ఏం లాభం?

అక్కడ సిమెంటు అరుగు, నడుమెత్తు ఇనుప కమ్మీలు. కింద మడుగులో నీటిగుర్రం నోరు బార్లా తెరిస్తే పైనుంచి పిల్లలు క్యారెట్లు వేయాలి. మేత అందించే ఆవిడ బకెట్ పట్టుకుని “ఒకరి తర్వాత ఒకరు” అని అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఉంది. వరుసలో నిలబడలేక మావాడు పేచీ మొదలుపెడితే, వాడి నోరు మూయించడానికి గేటు దగ్గరి కొట్లో రబ్బరు బంతి కొనిచ్చాను. అదీ నేనే. వాడి వంతు వచ్చింది. క్యారెట్లు అయిపోయాయి. కింద నోరు ఇంకా తెరిచే ఉంది. వాడు చేతిలో ఉన్నది వేసేశాడు.

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. మావయ్యగారు కమ్మీల మీదుగా కిందికి వంగిపోయారు.

“నోరు తెరిపించమ్మా, తొందరగా.”

ఆవిడ క్యారెట్ చూపించింది. అది నోరు తెరిచింది. బంతి లేదు.

“బయటికొచ్చేస్తుందిలెండి తాతగారూ. మొన్నెవరిదో చెప్పు కూడా పోయింది లోపలికి.”

“రబ్బరు అరగదమ్మా, అడ్డం పడుతుంది. డాక్టర్ని పిలవాలి. పూటపూటా పేడ చూడాలి. నేను చేసిన పనే ఇది.”

ఆఫీసుకెళ్తే అక్కడాయన అంతా పుస్తకంలో రాసుకున్నాడు, మంచినీళ్లు ఇప్పించాడు. రెండు రోజులు లోపలికి రానిస్తే తనే చూసుకుంటానని మావయ్యగారు బతిమాలారు. బయటివాళ్లని రానివ్వడం కుదరదన్నాడాయన. మర్నాడు పొద్దున్నే మా విమానం. నన్నిక్కడ వదిలేసి మీరు పొండి అని మావయ్యగారంటే మా ఆయన విసుక్కున్నారు.

“పేడ చూడ్డానికి ఉండిపోతావా నాన్నా?”

మావయ్యగారు వెనక్కి మేత ఆవిడ దగ్గరికి వెళ్లారు. ఆవిడ ఫోన్ నంబరు అడిగి రాయించుకున్నారు.

ఇంటికొచ్చాక రోజూ మధ్యాహ్నం ఫోను. “ఏమైనా వచ్చిందా అమ్మా?” అని ఈయన, ఇంకా లేదని ఆవిడ. ఆయన మోకాలికి అతుక్కుని చిన్నోడు. ఫోన్ పెట్టేశాక వాడు రోజూ ఒకటే అడిగేవాడు, “అది చచ్చిపోతే నేను చంపినట్టేనా తాతా?” అని. తాతకీ మనవడికీ కూడా ముద్ద దిగడం లేదు. చూస్తూ కూర్చోవడం తప్ప నా చేతిలో ఏముంది?

ఎనిమిదో రోజు పొద్దున ఎవరికీ చెప్పకుండా నేనే ఆవిడకి ఫోన్ చేశాను.

“మేత ముట్టట్లేదమ్మా. మూడ్రోజులైంది నీళ్లలోంచి గట్టుకి రాక. కోసి తీయడం కుదరదని డాక్టరు చెప్పేశాడు.”

బంతి వచ్చేసిందని మా మావయ్యతో చెప్పమని, నీకు దణ్ణం పెడతానని బతిమాలాను. ఆవిడ చివరికి సరేనంది.

మధ్యాహ్నం ఫోన్ స్పీకర్లో పెట్టారు.

“వచ్చేసిందండీ తాతగారూ. పొద్దున్నే.”

చిన్నోడు గంతేశాడు. మావయ్యగారి మొహం కూడా ఒక్కసారి విప్పారింది.

“ఎలా ఉందమ్మా బంతి?”

“బావుందండీ. నిగనిగలాడుతోంది, కొత్తదాన్లా.”

ఎనిమిది రోజులు ఆ కడుపులో ఉన్న బంతి నిగనిగలాడుతుందా? అబద్ధం చెప్పించడం కూడా నాకు సరిగ్గా చేతకాలేదు. మావయ్యగారు తలెత్తి నావైపు చూశారు. నేను తల దించేసుకున్నాను.

“మంచిదమ్మా” అన్నారు ఫోన్లో. “ఇంక మేత కోసం దాన్ని బలవంతపెట్టకండి. మడుగులో నీళ్లు మాత్రం చల్లగా ఉంచండి. దానికి కాస్త హాయిగా ఉంటుంది.”

ఫోన్ పెట్టేసి మనవడి తల నిమిరారు. “వచ్చేసిందట్రా. ఆకలేస్తోంది, పద” అన్నారు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, వాడు చూస్తుండగా, నేను పెట్టిందంతా ఒక్క మెతుకు వదలకుండా తిన్నారు.