సిందూరం పొట్లాలు

మొయినాబాద్‌లో మాది కిరాణా దుకాణం. ఆంజనేయుడికి పూసే సిందూరం కోసం మంగళవారాలు పక్క ఊళ్లయిన సురంగల్ నుంచి, హిమాయత్‌నగర్ నుంచి కూడా జనం వచ్చేవారు. బాపు, అంటే మా నాన్న, దాన్ని డబ్బాలోంచి చేత్తోనే తీసి, తూచి, పాత పేపరు ముక్కల్లో పొట్లాలు కట్టేవాడు. ముక్కలు ఒకదానికొకటి అంటుకుంటాయి కాబట్టి ప్రతిసారీ బొటనవేలు నాలుకకు తాకించి తడి చేసుకునేవాడు. ఏళ్ల తరబడి పక్కనే ఉండి చూశాను. అందులో అనుమానించాల్సింది ఉందని ఒక్కసారీ అనిపించలేదు.

నిజానికి ఆ పని మొదట నాది. బడి పుస్తకాలకు ఎర్ర మరకలు అవుతున్నాయని సణిగితే, "నువ్వు సదువుకో, నేను కడ్త తియ్" అని తను తీసుకున్నాడు.

అరవై దాటాక బాపు మారాడు. చిన్నదానికే కోపం వచ్చేది. రోజూ వచ్చేవాళ్ల పేర్లు మరిచిపోయేవాడు. తర్వాత కుడి మణికట్టు వాలిపోయింది. తక్కెడ ఎత్తబోతే చెయ్యి కిందికి వేలాడేది.

"నా చెయ్యి నా మీద అలిగింది," అని గిరాకీలతో నవ్వేవాడు.

చేవెళ్లలో డాక్టరు ఏం పని చేస్తారని అడిగితే కిరాణం అన్నాం. అంటే బియ్యం, పప్పులు అనుకుని ఉంటాడు. వయసు వల్ల అన్నాడు. ఇంత చదివిన నేను కూడా అదే నమ్మాను.

ఒక మంగళవారం ఒకే మనిషికి రెండుసార్లు పొట్లం ఇచ్చి, మూడోది కట్టబోయాడు. దుకాణం నిండా జనం.

"తెల్వకపోతే ఇంట్ల కూసో బాపు," అన్నాను.

లేచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత హైదరాబాద్ దవాఖానలో ఒక డాక్టరమ్మ, దుకాణంలో చేత్తో ముట్టే ప్రతి వస్తువూ చెప్పమంది. సిందూరం అనగానే ఆపి, రక్తపరీక్ష రాసింది. ఒంట్లో సీసం చేరిందని తేలింది. మేము అమ్మిన సిందూరంలో ఉన్నది అదే. అది కొద్దికొద్దిగా కడుపులోకి పోయి నరాలనూ మెదడునూ దెబ్బతీసిందని చెప్పింది. మందులతో మణికట్టు కొంత లేచింది. పేర్లు మాత్రం తిరిగి రాలేదు.

ఇంటికొచ్చాక బాపుకు అంతా విడమరిచి చెప్పాను.

"అయితే గిది ముసలితనం గాదన్నట్టు."

"గాదు బాపు."

"మరి నువ్వు ముట్టలేదు గద?"

చిన్నప్పుడు కొన్నాళ్లే ముట్టానన్నాను. మంచిదైందన్నట్టు తల ఊపాడు.

అప్పుడే, ఆ మంగళవారం నేనన్న మాటకు మన్నించమని అడగబోయాను. ఏ మంగళవారమని అడిగాడు. నేను గుర్తుచేయలేదు. బాపు పోయేదాకా గుర్తుచేయలేదు.