నీలి తార పేలదన్న జీవరత్నంగారు

అమలాపురం కాలేజీలో ఫిజిక్సు చెప్పే జీవరత్నంగారు, నక్షత్రాలు ఎలా పేలతాయన్న విషయం మీద పదకొండేళ్లు పరిశోధన చేశారు. అన్నేళ్లలోనూ ఆయన టెలిస్కోపులోంచి ఆకాశాన్ని చూసింది ఒక్కసారే. యూనివర్సిటీ వారు దాన్ని వాడితే పాడవుతుందని బీరువాలో పెట్టి తాళం వేశారు. బతిమాలి తీయిస్తే అద్దానికి బూజు, ఆకాశానికి మబ్బు.

అందుకని పై దేశాలవాళ్లు చూసి రాసిన లెక్కలతోనే ఆయన పని నడిచింది. గైడు ప్రొఫెసరుగారింటికి చక్కెరకేళి గెల పట్టుకెళితే ఒక అధ్యాయం కదిలేది. ఈ ఏడు తీసేయించిన కామాను ఆయనే పై ఏడు పెట్టించేవారు. దాన్నే మార్గదర్శకత్వం అంటారు.

సిద్ధాంతం మాత్రం గట్టిది. పెద్ద నక్షత్రం వయసు మళ్లాక ఉబ్బి, ఎర్రబడి, అప్పుడే పేలుతుంది. నీలంగా ఉండగా చచ్చినా పేలదు. అప్పటికి లోకంలోని పెద్దలు చాలామంది అనుకుంటున్నదీ అదే. కాబట్టి ఆయన ధైర్యంగా మూడు వందల పేజీల్లో దాన్ని మళ్లీ నిరూపించి, 1987 జనవరిలో థీసిస్ సమర్పించారు.

ఫిబ్రవరిలో దక్షిణాకాశంలో ఒక నక్షత్రం పేలింది. దాదాపు నాలుగు వందల ఏళ్లలో అంత కాంతిగా పేలింది మరొకటి లేదని పేపర్లన్నీ రాశాయి.

జీవరత్నంగారు భార్య కృపమ్మను వెంటబెట్టుకుని, చీకటి పడే వేళకు కాట్రేనికోన దాటి సముద్రం ఒడ్డుకు వెళ్లారు. ఆ తార మన వైపు నీటికి నాలుగు వేళ్ల ఎత్తున మాత్రమే ఉంటుంది. అక్కడ మంచు తప్ప ఏమీ కనిపించలేదు. వల సర్దుకుంటున్న ముత్యాలరాజు సంగతి అడిగి తెలుసుకున్నాడు.

"ఎప్పుడు పేలిందండి అది?"

"లక్షా అరవై వేల ఏళ్ల కిందట. వెలుగు ఇప్పటికి చేరింది."

"ఆయ్. మరి ఇంత ఆలస్యంగా వచ్చేరేటండీ?"

కృపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎండాకాలంలో అసలు కబురు వచ్చింది. పేలిన ఆ నక్షత్రం నీలం రంగుదట! పత్రికలో అది చదివిన రోజు జీవరత్నంగారికి ముద్ద దిగలేదు. పదకొండేళ్ల చదువు ఒక్క చుక్క దెబ్బకు పోయింది. మర్నాడే గైడు దగ్గరకు పరిగెత్తారు.

"నువ్వు జనవరిలో ఇచ్చావు, అది ఫిబ్రవరిలో పేలింది. రూల్సు ప్రకారం సీనియారిటీ నీదేనయ్యా. వైవాలో నోరెత్తకు," అన్నారు ప్రొఫెసరుగారు.

ఇంటికొచ్చి చెబితే కృపమ్మ అంది: "ఎత్తకపోతే పట్టా వస్తుందండి. రేపు పిల్లలకి పాఠం ఏం చెప్తారండీ మరి?"

వైవాకు వచ్చిన పరీక్షకుడు థీసిస్ అట్ట మెచ్చుకుని, తిరుగు రైలు ఎన్నింటికని అడిగి, "ఇంకేమైనా చెబుతారా?" అన్నాడు మర్యాదకు.

జీవరత్నంగారు లేచారు. "నాలుగో అధ్యాయం తప్పండి. నీలి తార పేలింది."

ప్రొఫెసరుగారు కళ్లు మూసుకున్నారు. పరీక్షకుడు మొట్టమొదటిసారిగా నాలుగో అధ్యాయం తెరిచాడు. అయిదు నిమిషాలు చదివి, రైలు సంగతి మరిచిపోయి, "ఎందుకు పేలిందో రాసి తీసుకురండి," అన్నాడు.

అది మరో రెండేళ్లు పట్టింది. ఈలోపు ప్రమోషను జూనియరుకు వెళ్లింది. అయినా ఆ రెండేళ్లూ ఆయన హుషారుగా తిరిగారు. ఆ నక్షత్రం ఉబ్బిన తర్వాత మళ్లీ కుంచించుకుపోయి ఉండవచ్చని, ఎందుకలా జరిగిందో ఇంకా పూర్తిగా తెలియదని ఒప్పుకుంటూ కొత్త అధ్యాయం రాశారు. పట్టా వచ్చింది.

కాలేజీలో సన్మానం పెట్టారు. "నీలి తారలు పేలవని ప్రపంచానికి నిరూపించిన మన జీవరత్నంగారు..." అని మొదలెట్టారు ప్రిన్సిపాలుగారు. జీవరత్నంగారు సరిదిద్దుదామని మైకు అందుకోబోయారు. ఇంతలో ఎవరో శాలువా కప్పారు, ఎవరో దండ వేశారు, మైకు మరో వక్త చేతికి వెళ్లిపోయింది. ఆ వక్త కూడా అదే చెప్పాడు. ముందు వరసలో కృపమ్మ పగలబడి నవ్వుతోంది. ఆయన దండలోంచి తల బయటపెట్టి, ఆమెను చూసి తానూ నవ్వేశారు.