పెట్టని చింతపిక్క

దొంగను పట్టడంలో నా చిన్నప్పుడు నన్ను మించినవాళ్ళు మా ఊళ్ళో లేరు. ఆదివారం మధ్యాహ్నాలు రిటైరైన టీచరు మామ్మగారు రామచంద్రపురం నుంచి అద్దె వీడియో క్యాసెట్ తెప్పించేవారు. ఆవిడకు పాత నలుపు తెలుపు డిటెక్టివ్ సినిమాలంటే ప్రాణం. పిల్లలమంతా వాళ్ళింట్లో టీవీ ముందు కూర్చునేవాళ్ళం. మొదటి అరగంటలోనే దొంగ ఎవరో చెప్పి పందెంగా చింతపిక్క పెట్టాలి. గెలిచినవాళ్ళకు పిక్కలన్నీ.

నా డబ్బా ఎప్పుడూ నిండుగా ఉండేది. అందులో పెద్ద తెలివేమీ లేదు. ఎవడు నల్లగా ఉండి, గళ్ళ లుంగీ కట్టి, చెంప మీద మచ్చతో పడవలో వస్తాడో వాడి మీద పెట్టేదాన్ని. దొరలాంటి మనిషి దొంగగా తేలడం ఏ నాలుగైదు సినిమాలకో ఒకసారి.

ఒకరోజు మామ్మగారు, ఎలా కనిపెడుతున్నావే అని అడిగారు. గొప్పగా చెప్పాను. అందరూ గుమ్మం వైపు చూసి గొల్లున నవ్వారు. అక్కడ మా నాన్న చేపలబుట్టతో నిలబడి ఉన్నాడు. నల్లటి మనిషి, గళ్ళ లుంగీ, చెంప మీద గాలం గీరిన మచ్చ. నాన్న కూడా నవ్వాడు. అందుకే నాకేమీ అనిపించలేదు.

పై వారం నాన్న తెల్లపంచె కట్టుకుని వచ్చాడు. తెల్లపంచెతో చేపలబుట్ట మోసేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా? బుట్ట నీళ్ళు కారి పంచె అంచంతా పొలుసులు అంటుకున్నాయి.

"ఏం అబ్బాయ్, పెళ్ళికి వెళ్ళొస్తున్నావా?" అన్నారు మామ్మగారు.

"లేదండి. లోపల మా పిల్ల ఉంది కదండి," అన్నాడు నాన్న మెల్లగా.

ఆవిడ లోపలికి వచ్చి కూర్చున్నారు. తెర మీదికి పడవ మనిషి రాగానే బొమ్మ ఆపేశారు. నా చేతిలో పిక్క సిద్ధంగా ఉంది.

"వీడి పేరేంటే?" అని నన్ను అడిగారు. సినిమాలో ఎవరూ చెప్పలేదన్నాను. "పోనీ, ఇంటికెళ్ళి ఏం చేస్తాడు?"

"వల ఆరేసుకుంటాడండి."

"ఇంకా?"

"కూతురికి చేపలో ముళ్ళు తీసి పెడతాడండి."

రోజూ నాకు ముళ్ళు తీసి పెట్టే మనిషిని నేను ఏమన్నానో అప్పుడు తెలిసింది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆవిడ మందలించలేదు, మళ్ళీ బొమ్మ ఆడించారు. ఆ సినిమాలో కూడా దొంగ ఆ పడవ మనిషే. నేను మాత్రం పిక్క పెట్టలేదు. దొంగ పడవ మనిషే అయినా నేను గెలవకపోవడం అదే మొదటిసారి.

బయటికి వెళ్తే నాన్న మెట్ల మీద నా కోసం కూర్చుని ఉన్నాడు. పంచె అంచుకున్న పొలుసులు గోటితో గీకుతూ, వచ్చేవారం లుంగీతోనే రమ్మన్నాను. నాన్న నా ముఖంలోకి చూసి, సరేలే అన్నాడు. ఆ పంచె మళ్ళీ పండగలకే బయటికి తీశాడు.

నాన్న ఇప్పుడు లేడు. తెర మీదైనా బస్సులోనైనా ఎవరినో చూసి, వీడే అయ్యుంటాడని నా మనసు ఇంకా తొందరపడుతూనే ఉంటుంది. అప్పుడు ఆ మనిషి ఇంటికెళ్ళి ఎవరికి ముళ్ళు తీసి పెడతాడో అనుకుంటాను. ఆ తర్వాత పిక్క పెట్టబుద్ధి కాదు.