జేర్ జబర్ లేని కాగితం

నాకు అరబ్బీ వచ్చని దుబాయ్‌లో నన్నెరిగిన వాళ్ళందరూ అనుకునేవారు. రాదని నేను ఎవరికీ చెప్పలేదు.

కడప జిల్లాలో, చిన్నప్పుడు, సాయంత్రాలు ఉస్తాద్ ముందు కూర్చుని ఖురాన్ చదవడం నేర్చుకున్నాను. చదవడమంటే అక్షరం గుర్తుపట్టడం, గొంతు ఎక్కడ సాగదీయాలో ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం. అర్థం నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ గ్రంథంలో అక్షరాల పైనా కిందా జేర్, జబర్ అనే చిన్న గీతలుంటాయి. ఏ అక్షరాన్ని ఎలా పలకాలో అవే చెబుతాయి. దుబాయ్‌లో కంపెనీ కాగితాల మీద ఆ గీతలుండవు. భాష తెలిసినవాడికి వాటి అవసరం లేదు. నాకు మాత్రం అవి లేకపోతే ప్రతి మాటా ఊహే.

అల్ కుసైస్‌లో ఒక ఇండియన్ స్కూల్లో చరిత్ర చెప్పేవాణ్ణి. నా పాస్‌పోర్టు ఆఫీసు బీరువాలో ఉండేది. నా వీసా మీద భార్య, ఇద్దరు పిల్లలు. స్కూలు నడిపే ముదీర్ ముఖం చిట్లిస్తే నలుగురం ఇంటికి పోవాలి. ఆ భయం వల్ల స్కూల్లో గట్టిగా మాట్లాడేవాణ్ణి కాను. బస్సు డ్రైవర్ల దగ్గర మాత్రం నేనొక పండితుణ్ణి. ఆసుపత్రి చీటీలు, జరిమానా కాగితాలు తెచ్చి చూపించేవారు. ముద్రా, అంకెలూ చూసి ఏదో ఊహించి చెప్పేవాణ్ణి. చాలాసార్లు సరిపోయేది. సరిపోయిన కొద్దీ నా పేరు పెరిగింది.

2007లో, ఒక మధ్యాహ్నం, నేను బస్సెక్కి కూర్చోగానే మా రూటు డ్రైవర్ ఒక కాగితం పట్టుకొచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి. అతని కంపెనీ కాగితాల పనులు చూసే మందూబ్ సంతకం పెట్టమని ఇచ్చాడట. మూడో కాన్పుకి భార్యకు నెలలు నిండబోతున్నాయి. వీసా క్యాన్సిల్ చేయించుకుని ఊరికి పోతానని అంతకు నెల ముందే కంపెనీకి చెప్పాడు.

"సార్, జర గిది సదివి చెప్పుర్రి. క్యాన్సిల్ కాయిదమే గదా?"

"తొందరేమప్పా, ఇట్లియ్యి."

"ఎట్ల తొందరుండదు సార్? ఇద్దరు పుట్టినప్పుడు గీ బస్సులనే ఉన్న. గీసారన్న దవఖాన బయట చాయ్ తాగుకుంట కూసుంట."

కాగితం అందుకుని పైకి చదివాను. బస్సులో ఇంకో ఇద్దరు డ్రైవర్లున్నారు, అందుకే ఇంకాస్త రాగం పెట్టాను.

"ఏం గొంతు సార్! మా ఊరి మసీదు మైకుల ఇన్నట్టే ఉన్నది," అన్నాడొకడు.

పై వరుసలో 'తజ్దీద్' అని ఒక మాట ఉంది. పలుకుతుంటే నాలుకకి ఏదో తగిలింది. జదీద్ అంటే కొత్త, అంతవరకు నాకు తెలుసు. ఊరికి పోయే కాగితంలో కొత్త అనే మాట ఎందుకుంది? ఆగి, తెలియదని చెప్పాల్సిన క్షణం అదే. ముగ్గురూ నా ముఖమే చూస్తున్నారు.

"క్యాన్సిల్‌దే ఉన్నెట్లుండాది. పెట్టప్పా సంతకం," అన్నాను.

పది రోజుల తర్వాత పాస్‌పోర్టు అడగబోతే మందూబ్ నవ్వాడట. నువ్వే కదా ఇంకో రెండేళ్ళు పనిచేస్తానని రాసిచ్చావు, యల్లా, పోయి బండి తియ్యి అన్నాడట. తజ్దీద్ అంటే ఒప్పందాన్ని కొత్తచేయడం.

డ్రైవర్ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "సార్, మీరు సదివిర్రు గదా! క్యాన్సిల్ అనే ఉండె గదా!"

"కాగితం మార్చేసుంటారు," అన్నాను.

అది నా రెండో అబద్ధం. మొదటిదానికి కారణం గొప్పకు పోవడం, దీనికి భయం. అతను నన్ను నమ్మాడు. లేబర్ ఆఫీసుకి పోదాం, సంతకం పెట్టే ముందు నాకేం చదివి వినిపించారో వచ్చి చెప్పండి చాలు అని బతిమాలాడు. నువ్వు చదివింది ఈ కాగితమే కదా అని అక్కడ ఎవరైనా అడిగితే? స్కూలుకి తెలిస్తే? పరీక్ష డ్యూటీ ఉందన్నాను. నిజంగానే ఉంది. అడిగితే మార్చేవాళ్ళే, నేనే అడగలేదు. అతను ఒక్కడే పోయాడు. సంతకం నీదేనా అని అడిగారట. నాదే అన్నాడట. ఖలాస్.

ఆ వారమే పదో తరగతిలో అచ్చుయంత్రం పాఠం వచ్చింది. ఏటా నాకిష్టమైన పాఠం. చర్చి తలుపుకి తన ప్రశ్నలు అంటించిన జర్మన్ సన్యాసి, చక్రవర్తి సభలో నిలబెట్టి మాట వెనక్కి తీసుకోమన్నా తీసుకోని మనిషి. తర్వాత బైబిల్‌ని తన జనం మాట్లాడే భాషలోకి మార్చాడు. అచ్చుయంత్రం దాన్ని ఇంటింటికీ చేర్చింది. చక్రవర్తి ముందు అతను నిలబడ్డ తీరు నేను కుర్చీ పక్కన నిలబడి నటించి చూపేవాణ్ణి. భూమి తిరుగుతుందని రాసి, డెబ్బై ఏళ్ళ వయసులో మోకరిల్లి, తిరగదని ఒప్పుకున్న ఇటలీ పండితుణ్ణి కూడా చూపేవాణ్ణి. ఆయన దగ్గరకొచ్చేసరికి పిల్లలు ఉసూరుమనేవారు.

ఆ రోజు నటించలేదు. కూర్చునే చెప్పాను. రెండో వరుసలో ఒక అమ్మాయి లేచింది.

"సార్, అప్పటి ఊరి పాదిరీలకి లాటిన్ అర్థమయ్యేదా?"

"కొందరికి కాదమ్మా. వల్లించేవాళ్ళు, అంతే."

"మరి జనం అర్థం అడిగితే?"

"ఏదో ఒకటి చెప్పేవాళ్ళు."

"రాదని చెప్పొచ్చు కదా సార్?"

వెనక ఎవరో, "చెప్తే ఇంకెవరు దండం పెడతారే!" అంది. క్లాసంతా నవ్వింది. నేను బోర్డు వైపు తిరిగి, తుడిచేదేమీ లేకపోయినా తుడుస్తూ నిలబడ్డాను. ఇటలీ పండితుణ్ణి ఇన్నేళ్ళూ పిరికివాడిగా ఆడించాను. ఆయన మోకరిల్లే ముందు నిజం రాశాడు. నేను అదీ చేయలేదు.

స్కూలు వదిలాక, పిల్లలు ఎక్కకముందే, బస్సు దగ్గరికి పోయాను. డ్రైవర్ అద్దం తుడుస్తున్నాడు.

"కాగితం ఎవురూ మార్చలేదప్పా. నాకు అరబ్బీ రాదు. చదవడమొచ్చు, అర్థం తెలీదు. ఎప్పుడూ తెలీదు," అన్నాను. "నీతో లేబర్ ఆఫీసుకొస్తా. నా తప్పని చెప్తా."

అతను అద్దం తుడవడం ఆపలేదు. "ఇగ దేనికి సార్? మొన్ననే బిడ్డ పుట్టింది. ఫోన్ దగ్గర పెట్టి ఏడుపు ఇనిపించిర్రు." ఆ గుడ్డ పిండి, మళ్ళీ తుడిచాడు. "మీ అరబ్బీ లెక్కనే ఉండె సార్. ఇనొస్తది, సమజ్ కాదు."

అయినా మరుసటి వారం ఇద్దరం పోయాం. గుమాస్తా నా మాట విని, సంతకం ఉన్న కాగితం నా వైపు తిప్పి, చదువు అన్నాడు. రాదు అన్నాను. నా వెనక వరుసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. సంతకం సంతకమే అని మమ్మల్ని పంపేశాడు.

నేను దుబాయ్ వదిలిన 2008లో కూడా అతను అదే రూటు నడుపుతున్నాడు. చివరిరోజు నన్ను ఇంటిదగ్గర దింపాడు. ఆ ఏడాదంతా ఏ డ్రైవరూ నా దగ్గరికి కాగితం తేలేదు. నాకు అరబ్బీ రాదని, నేను చెప్పమనకపోయినా అతనే అందరికీ చెప్పాడు.