ఒక్క గీత కోసం

ఉగాండాలోని మసాకా సంతలో గోమెసి కుట్టించుకోవాలంటే నాలుమాన్సి దగ్గరికే రావాలి. ఆ గౌను భుజాలు కొమ్ముల్లా నిక్కాలంటే ఆమె చెయ్యి పడాల్సిందే. నోరు కూడా చేతికి తగ్గదు లెండి. "నడుం కొలత నిజం చెప్పు తల్లీ, బట్టకి మొహమాటం ఉండదు" అని బేరానికొచ్చిన వాళ్లనే ఆటపట్టిస్తుంది.

అలాంటి మనిషికి పెళ్లయిన చాన్నాళ్లకి నెల తప్పింది. తీరా చూస్తే అది ముత్యాల గర్భమట. లోపల బిడ్డ లేదు, మాయ ఒక్కటే ద్రాక్షగుత్తిలా నీటిబుడగలై ఉబ్బింది. ఆస్పత్రిలో తీసేశారు. ఆ తర్వాత డాక్టరమ్మ ఆమెనీ మొగుడు సెకబిరానీ కూర్చోబెట్టింది.

"మాయ ఒక హార్మోను విడుస్తుంది. ప్రోటీనుకి చక్కెర అంటుకుని తయారవుతుంది. మామూలు కడుపుని నిలబెట్టేది అదే. నీకు మాత్రం అది తగ్గాలి. తగ్గలేదంటే లోపల మాయ తునక మిగిలి పెరుగుతున్నట్టే, కేన్సర్ కావచ్చు. ఇక్కడ మేం రక్తం చూస్తాం, ఇంటి దగ్గర నువ్వు కడుపు పరీక్ష పట్టీ చూసుకో. రెండు గీతలు పోయి ఒక్కటే మిగలాలి. ఆ తర్వాత కూడా ఏడాది దాకా కడుపు రానీయకు."

మేనత్త నకయెంగాకి మాత్రం కడుపు పోయిందని చెప్పి ఊరుకున్నారు. కేన్సర్ మాట వింటే ముసలావిడ తిండి మానేస్తుందని భయం. అక్కడే వచ్చింది తంటా! ఆ ఊళ్లలో పిల్ల కాపురం చక్కబెట్టేది మేనత్తే. ఓ పొద్దున వచ్చేసరికి కిటికీలో రెండు గీతల పట్టీ కనిపించింది. ఇంకేముంది, నాలుక ఆడిస్తూ వీధి దద్దరిల్లేలా సంబరపు కూత పెట్టింది. మధ్యాహ్నానికల్లా అత్తింటివాళ్లు అరటిగెలలతో దిగారు.

నకయెంగా మందాకులు కలిపిన మట్టికడ్డీ ఎముంబ్వా అరగదీసి గిన్నె చేతికిచ్చింది. "తాగవే పిల్లా! కడుపు నిలబెట్టే మట్టి ఇది. మా అమ్మ నాకిచ్చింది."

"నాకొద్దత్తా."

"వద్దా? పోయినసారి నా మాట వినకేగా పోగొట్టుకున్నావ్!"

ఆ మాటకి నాలుమాన్సి తట్టుకోలేకపోయింది. అందరి ముందే బావురుమంది. "నిలబడకూడనిదే నిలబడిందత్తా! ఆ రెండో గీత బిడ్డ కాదు, నా చావు!"

ఉన్నదంతా చెప్పేసింది. ముసలావిడ గిన్నె కింద పెట్టి, మేనకోడలి తల ఒళ్లోకి లాక్కుంది. "నా నోరు పడిపోను! నాకెందుకు చెప్పలేదే పిచ్చిమొహమా?"

ఆ రోజు నుంచి పట్టీ చూసే ప్రతి పొద్దునా అత్త హాజరు. "పోవే, పో!" అని రెండో గీతని తిట్టేది. నాలుమాన్సికి భయంలోనూ నవ్వొచ్చేది. గీత వారం వారం పలచబడింది. ఆస్పత్రిలో రక్తం లెక్కా దిగుతూ వచ్చింది.

ఒక పొద్దున పట్టీ మీద ఒక్క గీతే నిలిచింది. ఎంతసేపు చూసినా రెండోది రాలేదు. రక్తం కూడా శుభ్రంగా ఉందని డాక్టరమ్మ ఫోన్లో చెప్పేదాకా ఆగి, అప్పుడు నకయెంగా మళ్లీ అదే కూత పెట్టింది.

ఇరుగమ్మలు పరుగెత్తుకొచ్చారు. "ఏంటి, కడుపా?"

"కాదర్రా! కడుపు లేదు! ఏమీ లేదు! నా పిల్ల కడుపు ఖాళీ!" అంటూ ముసలావిడ నడుం ఊపుతూ చిందేసింది. దీనికి మతి పోయిందని వాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. సెకబిరా గుమ్మంలో నిలబడి నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

అందరూ వెళ్లాక నకయెంగా మట్టికడ్డీని పాతగుడ్డలో చుట్టి అటక మీద పెట్టింది.

"ఏడాది ఆగమన్నారు కదత్తా" అంది నాలుమాన్సి.

"ఆగు. మట్టికేం, పాడవదు. నేనూ ఉంటాలే."