పచ్చ చీటీలతో ఊళ్లోకి వచ్చిన బస్సు

“బోణీ కాకముందు ఎవుర్నీ అడగొద్దు మే.”

“నాకు తెలీదా? నువ్వు ముందు ఆ నీళ్లు తాగు.”

మా ఆయనా నేనూ ఆఖరుగా మాట్లాడుకున్నవి ఆ రెండు మాటలే, ఆదోని ఆస్పత్రిలో. అంతవరకూ మా ఊరి గురువారం సంతలో ఆశీలు వసూలు చేసింది ఆయన. ఆశీలంటే సంతలో గంప దించినవాళ్లు, బండి పెట్టినవాళ్లు పంచాయతీకి కట్టే రుసుం. ఆఫీసుల్లో దాన్నే యూజర్ ఫీజు అంటారట. ఆయన మంచాన పడ్డాక ఆయన బదులు నేను తిరిగాను, పోయాక ఆ పని నాకే ఇచ్చారు. నాకు సంతకం ఒక్కటే వచ్చు. చీటీల రంగు చూసి పని చేస్తాను. ఇది కూడా నేను చెబుతుంటే నా కోడలు సుజాత రాస్తోంది.

మూడేళ్ల కిందటి సంగతి. ఆదోని, ఎమ్మిగనూరు మధ్య రోడ్డు మీద నుంచి లోపలికి రెండు మైళ్లు నడిస్తే మా ఊరు. బస్సు క్రాసు దగ్గరే దించేసి పోయేది. ఊళ్లో బస్సు తిరగడానికి జాగా లేదు మరి. “జాగా చదును చేసి, సిమెంటు పోసి, ఒక షెడ్డు వేయండి. పంపిస్తా” అన్నాడు డిపో ఆయన. గ్రామసభ పెట్టారు. ఇంటిపన్నులో ఒక వంతు, సంతలో గంపకింత, బండికింత అదనం. ఆ సొమ్ము వేరే ఖాతాలో ఉండాలి, బస్సుకు తప్ప దేనికీ తీయకూడదు. అలా తీర్మానం రాశారు. మామూలు ఆశీలుకు తెల్ల చీటీ, బస్సుకు పచ్చ చీటీ.

మొదటి గురువారమే నేను తప్పు చేశాను. “ఒక్క గంప కూడా తప్పకూడదమ్మా” అని పంచాయతీ సెక్రటరీ కొత్త చీటీల కట్ట చేతిలో పెట్టేసరికి గాబరా పట్టుకుంది. మాబున్నీ అని, ఆదోని నుంచి మిరపకాయలు తెచ్చి అమ్ముతుంది. ఏళ్ల తరబడి వస్తున్న మనిషి. ఆమె ఇంకా గోనెపట్ట పరుస్తుండగానే పచ్చ చీటీ చించాను.

“బోణీ గాకుండానే సెయ్యి సాపుతావా వదినా? మా అన్న ఉన్నన్నాళ్లూ ఇట్ల అడిగినాడా?”

“మర్సిపోతిని మే. బస్సు కోసరమని...”

“యా బస్సు? పోయినతూరి లైట్లకని వసూలు సేస్తిరి. లైటు యాడుంది సూపియ్యి! నీ బస్సు గూడా ఆడికే పోతాది.”

గంప నెత్తికెత్తుకుంది. ఆమె వరసలోని వాళ్లంతా లేచారు. అటునుంచి అటే పక్కనున్న పెద్దకడుబూరులో అమ్ముకోవడానికి వెళ్లిపోయారు. సంత సగం ఖాళీ. సంతే లేకపోతే బస్సుకు డబ్బెక్కడిది? రాని బస్సును నేనే నా చేత్తో వెనక్కి పంపినట్టయింది.

మరుసటి గురువారం పొద్దున్నే ఆదోని పోయాను. మార్కెట్లో మూట కడుతున్న మాబున్నీ ముందు నిలబడి తప్పయిందన్నాను. ఆమె గంప సర్దుకుని మా ఊరి వైపు బస్సే ఎక్కింది. క్రాసులో దిగగానే ఆమె గంప నేనెత్తుకున్నాను. ఎండలో రెండు మైళ్లు.

“నా గంప మోస్తే నీ పచ్చ చీటీ మాఫీ సేస్తావా?”

“సెయ్యను. బోణీ అయినాక అడుగుతా.”

పకపకా నవ్వింది. సంతలో మొదటి బేరం అయ్యేదాకా నేను పక్కనే ఊరికే కూర్చున్నాను. నోటు కళ్లకద్దుకుని సంచిలో వేసుకున్నాక, “ఇప్పుడడుగు” అంది. “ఇస్తా గానీ, ఎంత వసూలయిందో, యాడుందో వారం వారం సెప్పాల.”

“గోడ మీద రాపిస్తాలే.”

“గోడ సదివేదెవురు, నువ్వా నేనా? మైకులో సెప్పమను.”

ఆ వారం నుంచి సంత మధ్యలో సెక్రటరీ మైకు పట్టుకుని చెప్పేవాడు. ఒకసారి మరిచిపోతే, “మైకు పలకలే, నా సంచి గూడా పలకదు” అని మాబున్నీ మూతి ముడుచుకుని కూర్చుంది.

దసరా ముందు ఊరి పెద్దమనిషి ఒకాయన నా దగ్గరికి వచ్చాడు.

“ఈ వారం పచ్చ చీటీల డబ్బు బ్యాంకులో కట్టొద్దు. ఊరి ముందర ఆర్చి కడతాండాం. మళ్ల సర్దుతాంలే.”

“అట్లనే నాయనా. బస్సుకని తీసుకున్నేది ఆర్చికి పెడతాండామని మైకులో నువ్వే సెప్పు.”

“నీకు ఈ పని ఇచ్చింది ఎవురో మర్సిపోతివా?”

“పంచాయితీ ఇచ్చింది. కావాలంటే తీసేయండి. డబ్బు మటుకు బ్యాంకుకే పోతాది.”

చీటీల కట్ట గట్టిగా పట్టుకున్నాను. వెనకనుంచి మాబున్నీ, “మైకు తెప్పించాల్నా అన్నా?” అంది. వరసంతా గొల్లున నవ్వింది. ఆయన కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

ఆ పై ఎండాకాలానికి జాగా తయారైంది. బస్సు మొదటిసారి ఊళ్లోకి వచ్చిన గురువారం సంత సంతంతా లేచి నిలబడింది. డ్రైవరు ఒక్కసారి కూడా వెనక్కి తీయకుండా గుండ్రంగా తిప్పి ఆపాడు. గంపతో దిగింది మాబున్నీ.

“ఈ సిమెంటులో నాది యా మూల వదినా?”

“నువ్వు నిలబడిందే నీది.”

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒక్కటే. రుసుం కట్టడానికి జనం ఏడవరు. ఎందుకు తీసుకున్నామో దానికే పెట్టి, పెట్టామని నలుగురి ముందూ చెప్పాలి. ఇప్పుడు బడిపిల్లలు, కాన్పుకు పోయే ఆడవాళ్లు, మంత్రాలయం పోయేవాళ్లు, అందరూ ఊళ్లోనే బస్సెక్కుతారు. వాళ్లను చూసినప్పుడల్లా ఈ చీటీలు చించిన చేతిని ఒకసారి చూసుకుంటాను.

సుజాతా, ఇంక సాలు. మొదట్నుంచీ సదివి ఇనిపియ్యి. మాబున్నీ అన్న మాటలు అన్నట్టే రాసినావో లేదో ఇంటా.